బోరెన్ని అడుగులు?

ఆప్షన్లు పెట్టడానికి ఇంకా రెండు రోజులే.
మంచం మీద మూడు కాలేజీల పుస్తకాలు,
మూడింటి అట్ట మీదా ఒకే గడ్డి,
ఒకే అమ్మాయి: చేతిలో భూతద్దం,
చూపు మాత్రం ఆకు మీద లేదు, కెమెరా మీద.

"సహజ వనరులంటే ఏంది మే?"
ట్యాంకరు తాళం మేకుకి తగిలిస్తూ అడిగాడు నాన్న.
"నీళ్లు, మన్ను, అడవి."
"ఓ, మన సరుకే" అన్నాడు.

మా నాన్న చెంగల్రాయుడు
పలమనేరు దిక్కు నుంచి కేఆర్ పురం వచ్చి
మొదట రిగ్గు బండి మీద,
తర్వాత పన్నెండు వేల లీటర్ల నీలం ట్యాంకరు మీద
బెంగళూరుని చదువుకున్నాడు.
ఏ వీధిలో ఎన్ని అడుగులకి చెమ్మ తగిలిందో
ఎక్కడ వెయ్యి దాటినా ఉత్త దుమ్మే లేచిందో
చుట్టాల పెళ్లిళ్లలా చెబుతాడు.
నేను పుట్టింది ఆరొందల యాభై అడుగుల ఏడాది.
తమ్ముడప్పటికి తొమ్మిదొందలు.

ఎండాకాలం ట్యాంకరుకి ఆదివారం లేదు.
లోడు దింపి, ఖాళీ బండిలోనే
కాలేజీలు చూడ్డానికి బయల్దేరాం.
నేను ఇస్త్రీ చున్నీతో, క్లీనరు సీట్లో.

మొదటి కాలేజీ అంతా అద్దాలు.
గేటు దగ్గర ఫౌంటెను, గోడ మీద
నీటిబొట్టుని అరచేతుల్లో పట్టుకున్న బొమ్మ.
వాచ్‌మన్ మమ్మల్ని చూసి కన్నడంలో అరిచాడు:
"నీళ్లా? వెనక గేటు!"
కాదని చెప్పబోయాను.
నాన్న అప్పటికే స్టీరింగు తిప్పేశాడు.

వెనక గేటు దగ్గర ఐదు ట్యాంకర్లు, వరసగా.
డ్రైవర్లందరూ నాన్నకి ఎరికే.
"ఏం రాయుడన్నా, ఈడ కూడా లైను పట్టినావా?"
"లేదబ్బా, పాపని చేర్పిద్దామని."
వాళ్లు నవ్వలేదు.
ఒకతను బీడీ ఆర్పి, చొక్కా బొత్తాలు పెట్టుకుని
నాకు జాగా ఇచ్చాడు, పొమ్మన్నట్టు.
నేను బండి దిగలేదు.

రెండో కాలేజీ గురించి చెప్పడానికేం లేదు.
ఫీజు కాగితం చూసి
నాన్న దాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

మూడోది కోలారు రోడ్డు మీద.
పెంకులు జారిన లాబు,
నాలుగు మైక్రోస్కోపులు, అందులో రెండిటికి గుడ్డ ముసుగు.
ఉద్యోగాల సంగతి అడిగితే
మేడమ్ నిజమే చెప్పింది: "తక్కువమ్మా."
నాన్న ఆ మాట విన్నాడో లేదో,
అటెండరుని పట్టుకుని తన ప్రశ్న వేశాడు:
"బోరెన్ని అడుగులు?"

బోరు లేదట. బావి ఉంది.
లోపలి గోడ మీద తెల్ల రంగు గీతలు, పక్కన తేదీలు,
ప్రతి సోమవారం నీళ్లెక్కడున్నాయో.
మధ్యలో నాలుగు నెలలు ఖాళీ.
"అప్పుడు కాలు విరిగింది" అన్నాడు అటెండరు,
తప్పు చేసినట్టు.

నాన్న గట్టు మీద వంగి
కిందికీ పైకీ ఆ గీతలు చాలాసేపు చదివాడు,
ఏడో క్లాసు దాటని మనిషి.
మనం తోడిందంతా ఎవరో రాసిపెడతా ఉన్నారనుకోలా,
అన్నాడు. నాతో కాదు, బావితో.

వచ్చేటప్పుడు హొస్కోటె దాకా మాట్లాడలేదు.
టోలు దగ్గర అడిగాడు:
"ఈ చదువు చదివితే, రేపు నా బండే ఆపుతావు గదా?"
ఆ ప్రశ్న నాలో మార్చి నుంచీ ఉంది.
"ఆపొచ్చు" అన్నాను.

గేరు మార్చాడు.
ఖాళీ ట్యాంకరు వెనకాల డబడబ మోగింది.
"ఆపితే ఆపు. పేపర్లన్నీ కరెక్టుగా ఉండాయి" అన్నాడు,
కాసేపాగి,
"ఒక్క బోరుకి తప్ప."

రాత్రి ఫోనులో మొదటి ఆప్షను నొక్కాను.
బయట వాల్వు కింద బక్కెట్టులో
ఆ రోజు మిగిలిన చుక్కలు
ఒకటీ ఒకటీ పడుతున్నాయి.
లెక్కపెడుతూ ఎక్కడో నిద్రపోయాను.